ఇంటి వంట – అందరు నేర్వదగిన విద్య

విజయవాడ నుండి భద్రాచలము పోవు రహదారిపై కొండపల్లి కొండలను దాటి మైలవరము చేరువారు మాగాణి సీమను విడిచి మెట్ట సీమలో అడుగిడుదురు. ఇటు మైలవరము, తిరువూరు, అటు హైదరాబాదు రహదారిపై నందిగామ, జగ్గయ్యపేట చిరకాలము కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతముగా పేరొంది, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినవి. మామిడి తోటలు, ప్రత్తి, మిరప, కంది, పెసర ఈ సీమ సంపద.

మిరప కోతల దినములలో ఈ గ్రామములందు సాయంకాలము తిరిగి చూచిన ఒక దృశ్యము తరచుగా కానవచ్చును. ప్రొద్దు పొడవక మునుపే సద్ది కట్టుకొని చేలకు పోయిన స్త్రీలు ప్రొద్దు గ్రుంకిన పిమ్మట ఇల్లు చేరుదురు. చేతులు కడుగుకొని వెంటనే ప్రొయ్యి ముట్టించువారును వారే. అప్పటికే ఇంట నున్న మగవాడు, పదునెనిమిదేండ్ల కుమారుడు అరుగుపై కూర్చుండి అన్నము కొరకు ఎదురుచూచుచుందురు. వారు సోమరులు కారు. వారికి వంట రాదు, అంతియే. అలసిపోయిన ఇల్లాలు అన్నము మాత్రము వార్చి, ఊరగాయతోనో కారముతోనో ఆ పూటకు సరిపుచ్చును. అందరు తినిన పిమ్మట మిగిలినది తాను తినును.

ఇది చిన్న విషయముగా తోచవచ్చును గాని దీని ఫలితము చిన్నది కాదు. 2019–21 సంవత్సరములలో జరిగిన అయిదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము ఆంధ్రప్రదేశ్‌లో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 58.8 మందికి, అయిదేండ్ల లోపు పిల్లలలో నూటికి 63.2 మందికి రక్తహీనత కలదు. రక్తహీనతకు కారణములు పెక్కు. అయినను పళ్లెములో అన్నము పెరిగి, పప్పును ఆకుకూరయు తరుగుట వానిలో ముఖ్యమైనది. పళ్లెము మారవలెనన్న వంట మారవలెను. వంట మారవలెనన్న అది ఇంటిలో ఒక్కరి తలపై మాత్రమే ఉండరాదు.

2019 లో జరిగిన జాతీయ కాల వినియోగ సర్వేలో, వేతనము లేని ఇంటి పనులు చేయు స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పనులు చేయు పురుషులు 97 నిమిషములును వానికి వినియోగించుచున్నట్లు తేలినది. వంట స్త్రీల పని అని కొందరు అందురు. కాని మన వాఙ్మయములో మంచి వంటకు మారుపేరు నలభీమపాకము. నలుడు రాజు, భీముడు విరాటుని కొలువులో వలలుడను పేర వంటవాడై యుండెను. గరిటె పట్టినందున వారి పౌరుషమునకు లోపము కలుగలేదు.

నాటి తిండి, నేటి తిండి

మెట్ట సీమలో పూర్వము జొన్నన్నము, జొన్నరొట్టె, కంది, పెసర, పెరటి ఆకుకూర, మజ్జిగ నిత్యాహారముగా నుండెను. వరి అన్నము అందరికి అన్ని దినములలో దొరకునది కాదు. కృష్ణపై నాగార్జునసాగర్ నిర్మాణమునకు 1955 లో శంకుస్థాపన జరిగి, 1967 లో కాలువలకు నీరు వదలబడిన పిమ్మట, ఎడమ కాలువ క్రింద మెట్టలో కొంత భాగము తడి నేల అయినది. 1983 లో కిలో రెండు రూపాయల బియ్యము పథకము వచ్చినది. ఆకలి తగ్గినది, అది గొప్ప మేలు. కాని అన్నము చేరువైన కొలది జొన్న దూరమైనది, పప్పు ప్రియమైనది.

బియ్యమును వండు తీరులో పొరపాటున్న ఎంత ముప్పు కలుగునో మన ప్రాంత చరిత్రయే తెలుపుచున్నది. ఉత్తర సర్కారు జిల్లాలలో ఒకప్పుడు బెరిబెరి వ్యాధి వ్యాపించి యుండెను. మరలో బాగుగా తెల్లబరచిన పచ్చి బియ్యమును పలుమార్లు కడిగి, గంజి వార్చి తినుట వలన బి–1 విటమిను లోపించి ఈ వ్యాధి వచ్చుచుండెను. ఇట్టి వ్యాధి పరిశోధనకై 1918 లో నీలగిరులలోని కూనూరులో మెకారిసన్ దొర ఒక గదిలో ఆరంభించిన చిన్న శాలయే పెరిగి, 1958 లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థగా వెలుగొందుచున్నది. కావున వంట రుచికి సంబంధించిన కళ మాత్రమే కాదు, ఆరోగ్యమునకు సంబంధించిన శాస్త్రము కూడ.

ఆ శాస్త్రమును ఇంటింటికి అందజేసిన వారిలో ఒకరు మన పొరుగుననే జన్మించిరి. నూజివీడులో పుట్టిన శ్రీమతి మాలతీ చందూర్ నవలా రచయిత్రిగా 1992 లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారము పొందిరి. కాని వేలకొలది ఇండ్లలో ఆమె పేరు నిలచినది 'వంటలు – పిండివంటలు' అను పుస్తకము వలన. అనేక ముద్రణలు పొందిన ఆ పుస్తకమును చూచి, చెప్పు పెద్దలు చెంత లేని కొత్త కాపురములవారు ఎందరో వంట నేర్చిరి. వంట పుట్టుకతో వచ్చునది కాదని, కొలతయు క్రమమును తెలిసిన ఎవరికైనను పట్టుబడునని ఆ పుస్తకము పొందిన ఆదరణయే చాటుచున్నది. ఆ కొలతయు క్రమమును ఇట సంగ్రహముగా వివరింపబడుచున్నవి.

అన్నము – అత్తెసరు

నేర్చుకొనువారు అన్నముతో ఆరంభింపవలెను. బియ్యమును ఏరి, రెండు మారులకు మించక కడుగవలెను. చేతితో గట్టిగా పిసికి కడుగరాదు. నీటిలో కరగు విటమినులు కడుగు నీటితోనే పోవును. ఒక గ్లాసు బియ్యమునకు రెండు గ్లాసుల నీరు పోసి అరగంట నాననిచ్చి, ఆ నీటితోనే వండవలెను. పాత బియ్యమైన రెండున్నర గ్లాసులు పట్టును. పొంగు వచ్చువరకు పెద్ద మంట, పిమ్మట సన్నని మంట. మూత పెట్టి నీరు ఇమిరిపోవువరకు ఉంచవలెను. దించిన తరువాత పది నిమిషములు మూత తీయరాదు. మెతుకు పట్టి చూచిన ఉడికినది లేనిది తెలియును.

దీనినే మన పెద్దలు అత్తెసరు అనిరి. ఎసరు కొలిచి పోయుట వలన వార్చవలసిన గంజి ఉండదు. గంజితో పోవు సారమంతయు అన్నములోనే నిలచును. గంజి వార్చు అలవాటు మానలేనివారు ఆ గంజిని పారబోయక, ఉప్పు, మజ్జిగ కలిపి త్రాగవలెను. లేదా చారులో పోసుకొనవలెను.

చౌక ధరల దుకాణముల బియ్యములో ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి–12 విటమిను చేర్చిన గింజలను నూటికొకటి చొప్పున కలుపు పద్ధతి 2021 లో ప్రకటింపబడి, 2024 నాటికి దేశమంతట అమలులోనికి వచ్చినది. ఆ గింజలు రంగులో కొంచెము వేరుగా నుండి నీటిపై తేలవచ్చును. వానిని చూచి ప్లాస్టిక్ బియ్యమని కొన్ని గ్రామములలో వదంతులు లేచినవి. అవి బియ్యపు పిండితోనే చేయబడినవి. అట్టి గింజలు కనిపించిన ఏరి పారవేయరాదని సభ్యులు ప్రజలకు తెలుపుట మంచిది.

పప్పు – కొలత, క్రమము

రెండవ పాఠము పప్పు. బియ్యములో నూరు గ్రాములకు మాంసకృత్తులు ఏడెనిమిది గ్రాములు. కందిపప్పులో సుమారు 22 గ్రాములు. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి కలదు. ధాన్యపు మాంసకృత్తులలో కొరతగా నుండు లైసిన్ పప్పులో సమృద్ధిగా నున్నది. పప్పులో కొరతగా నుండు మెథియోనిన్ ధాన్యములో నున్నది. పప్పన్నము కలిపి తినుట వలన ఒకదాని లోటు మరియొకటి తీర్చును. శాస్త్రము పుట్టక మునుపే మన పెద్దలు ఈ రెంటిని జతపరచిరి.

ఎంత పప్పు వండవలెను? బడిలో మధ్యాహ్న భోజనము కొలతలు పంచాయతి సభ్యులకు తెలిసినవే. ప్రాథమిక పాఠశాల బిడ్డకు పూటకు బియ్యము 100 గ్రాములు, పప్పు 20 గ్రాములు, కూరగాయలు 50 గ్రాములు. ప్రాథమికోన్నత తరగతులలో వరుసగా 150, 30, 75 గ్రాములు. అనగా అయిదు పాళ్లు బియ్యమునకు ఒక పాలు పప్పు, రెండున్నర పాళ్లు కూరగాయలు. బడిలో బిడ్డకు దొరకు ఈ పాలు ఇంటిలో తల్లి పళ్లెములో కలదా అని ప్రతి గృహస్థుడు చూచుకొనవలెను. ముగ్గురు నలుగురు తిను రెండు గ్లాసుల బియ్యమునకు అరగ్లాసు కందిపప్పు వేసిన ఈ కొలతకు లోటుండదు.

అరగ్లాసు పప్పును కడిగి, ఒకటిన్నర గ్లాసు నీటిలో అరగంట నానబెట్టి, చిటికెడు పసుపు, నాలుగు చుక్కల నూనె వేసి మెత్తగా ఉడికింపవలెను. ఉప్పు, చింతపండు, పచ్చి మామిడి, గోంగూర వంటి వానిని పప్పు మెత్తబడిన తరువాతనే చేర్చవలెను. పులుపు ముందుగా తగిలిన పప్పు త్వరగా ఉడకదు. త్వరగా ఉడుకుటకై వంట సోడా వేయు అలవాటు మంచిది కాదు. అది బి–1 విటమినును నశింపజేయును. పిమ్మట పప్పుగుత్తితో ఎనిపి, తాలింపు పెట్టిన పప్పు సిద్ధమగును.

పప్పు వచ్చినచో పది వంటలు వచ్చినట్లే. అందులో దోసకాయ పడిన దోసకాయ పప్పు, తోటకూర పడిన తోటకూర పప్పు. మైలవరము ప్రాంతమున మామిడి కాయలు రాలు దినములలో మామిడికాయ పప్పునకు ఖర్చే లేదు. దోసకాయను మాత్రము చిన్న ముక్క రుచి చూచి, చేదు కానిదానినే వేయవలెను.

కూర, ఆకుకూర

కూరగాయలను కడిగిన పిమ్మట తరుగవలెను గాని తరిగిన పిమ్మట కడుగరాదు. ముక్కలు మరీ చిన్నవి కారాదు. మూత పెట్టి, తక్కువ నీటితో, అవసరమైనంత సేపే ఉడికింపవలెను. ప్రత్తి, మిరప చేల ప్రక్కన కోసిన ఆకుకూరపై పురుగు మందు పడి యుండవచ్చును. అట్టి ఆకును కోయకుండుటయే క్షేమము. సంతలో కొన్నదానిని పలుమార్లు మంచినీట కడుగవలెను.

ఆకుకూరకు రక్తముతో గల సంబంధమును తెలిపిన చరిత్రలో ఒక తెలుగువాని పేరు కలదు. 1895 లో భీమవరములో జన్మించిన డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడపిన పరిశోధనశాలలో 1945 లో ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారు చేయబడినది. ఆకు అను అర్థము గల లాటిను పదము నుండి ఆ ఆమ్లమునకు పేరు వచ్చినది. పాలకూర ఆకుల నుండి దానిని మొదట వేరు చేసిరి. ఎర్ర రక్త కణములు చక్కగా ఏర్పడుటకు అది అవసరము. అది ఎక్కువ సేపు ఉడికించిన కొలది తగ్గును. కావున ఆకుకూరను చివర వేసి కొలది నిమిషములే మగ్గనీయవలెను. తినునపుడు నిమ్మరసము పిండిన ఆకులోని ఇనుము ఒంటికి బాగుగా పట్టును. భోజనమైన వెంటనే టీ త్రాగిన ఆ ఇనుము పట్టకుండ పోవును. గంటసేపు ఆగుట మేలు.

తాలింపు

కొత్తవారు భయపడునది తాలింపునకు. అందులో రహస్యమంతయు వరుసలోనే యున్నది. మూకుడులో రెండు చెంచాల నూనె పోసి కాగనిచ్చి, ఒక ఆవగింజ వేసి చూడవలెను. అది చిటపటలాడిన నూనె కాగినట్లు. మొదట ఆవాలు, మినప్పప్పు. అవి వేగుచుండగా ఎండుమిరపకాయలు, చితుకగొట్టిన వెల్లుల్లి. చివర జీలకర్ర, కరివేపాకు. త్వరగా మాడునది తరువాత వేయవలెనన్నదే సూత్రము. ఎండుమిరపకాయపై బూజు కనిపించిన దానిని వాడరాదు, పొడి కొట్టరాదు. అట్టి బూజులో విషము పుట్టును. మిరప పండించు సీమలో తాలు కాయ ఇంటికి, మంచి కాయ యార్డుకు అను అలవాటు విడువవలెను.

నూనె మూకుడుకు మంట అంటుకొన్నచో నీరు చల్లరాదు. మూత వేసి ప్రొయ్యి ఆర్పవలెను. గ్యాసు వాసన వచ్చినచో తలుపులు తెరచి, సిలిండరు కట్టివేసి, విద్యుత్తు మీటలు ముట్టక 1906 నంబరుకు ఫోను చేయవలెను. కుక్కరులో ఆవిరి పూర్తిగా అణగక మూత తీయరాదు. వంట నేర్పువారు ఈ మూడింటిని మొదటి దినముననే చెప్పవలెను.

ఉప్పు కొలత తెలియుటకు మొదట తక్కువ వేసి రుచి చూచి చేర్చవలెను. మనిషికి దినమునకు అయిదు గ్రాములు, అనగా ఒక చిన్న చెంచా, మించరాదు; ఊరగాయలోని ఉప్పు కూడ అందులో లెక్కయే. అయొడిను ఉప్పును మూత గల డబ్బాలో నుంచి వంట చివర వేయవలెను. ఇక నీరు. వంటకు వాడు నీరు త్రాగు నీరంత మంచిదై యుండవలెను. కాచుట వలన క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరిన కొలది చిక్కబడును.

ఏడు వంటలు, ఒక నెల

ఇంటిలోని బాలునికిగాని, బాలికకుగాని, యజమానికిగాని ఏడు వంటలు వచ్చిన చాలును: అన్నము, ముద్దపప్పు, ఆకుకూర పప్పు, ఒక కూర, చారు, రోటి పచ్చడి, కోడిగ్రుడ్డు కూర. మొదటి వారము అన్నమును ముద్దపప్పును మాత్రమే వండవలెను. రెండవ వారము ఆకుకూర పప్పు, చారు. ఉసిరికాయంత చింతపండును నానబెట్టి పిసికి, నాలుగు గ్లాసుల నీటిలో పసుపు, ఉప్పు, రెండు టమాటాలు, దంచిన మిరియాలు, జీలకర్ర వేసి మరగించి తాలింపు పెట్టిన అదియే చారు. మూడవ వారము కూర, పచ్చడి. నాలుగవ వారము గ్రుడ్డు కూర. నెల గడచునప్పటికి చేయి తిరుగును.

మొదట తప్పులు జరుగును. అన్నము పలుకుగా నున్న వేడినీరు చిలకరించి సన్నని సెగపై మూత పెట్టవలెను. అడుగంటిన గోకక, పైభాగమును వేరొక గిన్నెలోనికి తీయవలెను. ఉప్పు ఎక్కువైన ఉప్పు లేని పప్పునో ముక్కలనో చేర్చవలెను. నేర్చుకొనువాని వంటను ఎగతాళి చేయకుండుట ఇంటివారి ధర్మము. ఒక్క నవ్వు వానిని ప్రొయ్యి దాపులకు రాకుండ చేయగలదు.

పంచాయతి చేయదగినది

ఇది ఇంటి విషయము, ఇందులో పంచాయతికేమి పని అని సభ్యులు అనుకొనరాదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో స్త్రీ శిశు అభివృద్ధి, ఆరోగ్యము, పారిశుద్ధ్యము, త్రాగునీరు పంచాయతులకు అప్పగింపదగిన విషయములుగా చేర్చబడినవి. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు.

మొదటిది, అంగన్‌వాడి కేంద్రములో జరుగు గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషకాహార దినమున ఒక వంటను అందరి ఎదుట చేసి చూపించవలెను. ఆ దినమున వండువారు పురుషులైన మరింత మంచిది. 2018 నుండి ఏటేట సెప్టెంబరులో జరుగు పోషణ మాసము ఇందుకు అనువైన సమయము. రెండవది, వేసవి సెలవులలో పదునాలుగేండ్లు దాటిన బాలబాలికలకు కలిపి ఏడు వంటలు నేర్పు ఏర్పాటు చేయవచ్చును. పొదుపు సంఘముల స్త్రీలలో చేయి తిరిగినవారు ప్రతి ఊర నున్నారు. మూడవది, బడి ఆవరణలో, పంచాయతి స్థలములో మునగ, కరివేపాకు, నిమ్మ, బొప్పాయి మొక్కలు నాటించవలెను. నాల్గవది, ఊరి బోరు నీటిలో ఫ్లోరైడు ఎంత యున్నదో పరీక్ష చేయించి, ఆ ఫలితమును గ్రామసభలో చదువవలెను. అయిదవది, నెలకొకసారి సభ్యులు బడికి పోయి పిల్లల ప్రక్కన కూర్చుండి భోజనము చేయవలెను. ఆ భోజన పథకమునకు 2024 నుండి మన రాష్ట్రమున డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టబడినది. గోదావరి లంకలలో వేళ కాని వేళ వచ్చినవారికి సైతము అన్నము పెట్టిన ఆ తల్లి పేరు మోయు పళ్లెములో పప్పు నీళ్లవలె ఉండరాదు.

అన్నిటికంటె ముందు చేయవలసినది మరియొకటి. సభలో ప్రసంగించు సభ్యుడు తన ఇంట వండగలడో లేడో గ్రామము చూచుచునే యుండును. కావున ఆరంభము సభ్యుని ఇంటనే జరుగవలెను. రాబోవు మిరప కోతల వేళ, ప్రొద్దు గ్రుంకి ఇల్లు చేరిన ఇల్లాలు గడపలో అడుగిడునప్పటికి ప్రొయ్యిపై పప్పు ఉడికియుండి, తాలింపు వాసన వాకిట ఎదురైనచో, ఆ రాత్రి ఆమె అందరితో కలసి కూర్చుండి తినును. ఊరికి మేలు చేయు పని అంతకంటె చేరువలో వేరొకటి లేదు.